రాడ్ కన్నా ముందు దారం

చెరువుగట్టు మీద గాలం వేసేవాళ్లు ఎర బరువునో, సీసపు గుండునో నమ్ముకుని విసురుతారు. ఫ్లై ఫిషింగ్‌లో ఆ వీలు లేదు. ఈకలతో పురుగులా కట్టిన ఎరకు బరువే ఉండదు. దాన్ని దూరం మోసుకెళ్లేది లావుపాటి దారమే. అందుకే కొనేటప్పుడు ముందు దారం సంగతి చూడాలి.

దారాలకు నంబర్లుంటాయి. 5వ నంబరు దారంలో మొదటి 30 అడుగులు దాదాపు 9 గ్రాములు తూగుతాయి. రాడ్ మీదా అదే నంబరు ఉండాలి. కాశ్మీర్ లిద్దర్‌లోనో, హిమాచల్ తీర్థన్ నదిలోనో ట్రౌట్ చేపలు పట్టాలనుకునేవారికి 9 అడుగుల 5వ నంబరు రాడ్ చాలు.

దుకాణంలో వట్టి రాడ్ ఊపి చూస్తే ఏమీ తెలియదు. రీలు బిగించి, దారం ఎక్కించి, ఖాళీ పచ్చిక మీద విసరండి. కొసన గాలానికి బదులు చిన్న ఉన్నిపోగు కడితే కళ్లకు ప్రమాదం ఉండదు. 30 అడుగుల దూరంలో అది మెత్తగా వాలిందా, రాడ్ మీకు కుదిరినట్టే. వంద అడుగులు విసిరామని గొప్పలు పోయేవాళ్లను పట్టించుకోకండి. కొండవాగులో చేప చాలాసార్లు దగ్గర్లోనే ఉంటుంది. చిన్న ట్రౌట్‌కు ఖరీదైన రీలు దండగ, ఆ డబ్బు దారానికి పెట్టండి.

కాశ్మీర్, హిమాచల్ రెండుచోట్లా మత్స్యశాఖ పర్మిట్ తప్పనిసరి. చలికాలంలో ట్రౌట్ గుడ్లు పెడుతుంది కాబట్టి అప్పుడు వేటకు అనుమతి ఉండదు.