పైలట్‌కు ఎంత నేర్పాలి?



నల్లగొండ జిల్లాలో సాగర్ దిక్కు ఊళ్లవాళ్లకు చిన్న విమానాల చప్పుడు కొత్త కాదు. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర ఒక శిక్షణ విమానం పొలాల్లో కూలింది. ఒంటరిగా నడుపుతున్న యువతి ప్రాణం పోయింది. అలాంటి వార్త వినగానే మన నోట వచ్చే మాట ఒక్కటే: విమానం మంచిదేనా? ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఆ ప్రమాదం గురించి కాదు. ఆ ప్రశ్న పక్కనే ఉండి, ఎవరూ అడగని ఇంకో ప్రశ్న గురించి. కొత్త రకం విమానం వస్తే, దాన్ని నడిపేవాళ్లకు ఎంత నేర్పాలో తేల్చేది ఎవరు?

రెక్కలు, ఇంజన్లు, బ్రేకులు పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వడం ఒక పని. నేర్పడం సంగతి తేల్చడం వేరే పని. అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ దీనికోసం ఫ్లైట్ స్టాండర్డైజేషన్ బోర్డు వేస్తుంది. ఐరోపాలో 2014 నుంచి, పైలట్లకు కనీసం ఏమేం నేర్పాలో రాసి ఆమోదం తీసుకునే బాధ్యత తయారీ కంపెనీదే. మన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ రెండుచోట్ల వచ్చే నివేదికలను ముందుపెట్టుకుని, ఇక్కడి నిబంధనలను పైన చేరుస్తుంది.

ఆర్టీసీ డ్రైవర్‌కు కొత్త మోడల్ బస్సు ఇస్తే, కొన్నిసార్లు డిపోలో అరగంట చెప్తే చాలు, కొన్నిసార్లు మళ్లీ ట్రైనింగ్‌కు పంపాలి. బోర్డు తేల్చేదీ అదే, కాకపోతే కొలిచి తేలుస్తుంది. పాత మోడల్ నడిపే పైలట్లను కొత్తదానిలో కూర్చోబెట్టి, ఎక్కడ తడబడుతున్నారో చూస్తుంది. ఆ తేడాను బట్టి ఎ నుంచి ఇ వరకు ఒక స్థాయి ఖాయం చేస్తుంది. ఎ అంటే కాగితం చదువుకుంటే చాలు. బి అంటే కంప్యూటర్ మీద పాఠం. పైకి పోయేకొద్దీ సిమ్యులేటర్ లాంటి యంత్రాలు కావాలి. సిమ్యులేటర్ గంటకు డబ్బు, పైలట్ సెలవుకు డబ్బు. అసలు గొడవంతా ఇక్కడే పుడుతుంది.

బోయింగ్ 737 మాక్స్ కథ మీకు తెలిసిందే. కొత్త ఇంజన్లు పెద్దవి, రెక్కకు ముందుకు, పైకి జరిపి బిగించారు. దాంతో కొన్ని పరిస్థితుల్లో ముక్కు పైకి లేవబోతుంది. దాన్ని కిందికి నొక్కడానికి ఎంక్యాస్ అనే వ్యవస్థ పెట్టారు. అది నమ్మిందల్లా ఒక్క సెన్సర్ మాట. మాక్స్‌కు సిమ్యులేటర్ అవసరమని తేలితే ఒక్కో విమానానికి 10 లక్షల డాలర్లు తగ్గిస్తామని బోయింగ్ సౌత్‌వెస్ట్ విమాన సంస్థకు ఒప్పందంలోనే రాసిచ్చింది. ఆ వాక్యం చదివాక నాకు మిగతాదంతా ఆశ్చర్యమనిపించలేదు. 2017 జూలైలో బోర్డు బి స్థాయి చాలంది. దాని నివేదికలో ఎంక్యాస్ ఊసే లేదు. అధిక వేగంలోనే పనిచేస్తుందని చెప్పిన ఆ వ్యవస్థ తక్కువ వేగంలో కూడా పనిచేసేలా మారింది. ఆ సంగతి బోర్డుకు చెప్పలేదు. తమ టెక్నికల్ పైలట్లు ఇద్దరు ఎఫ్ఏఏను మోసగించారని 2021లో బోయింగే ఒప్పుకుంది. పరీక్ష పెట్టినవాళ్లకు సగం పుస్తకమే ఇస్తే, వాళ్లు ఇచ్చే మార్కులకు ఏం విలువ?

2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్ మాక్స్ కూలి 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియన్ మాక్స్ కూలి 157 మంది పోయారు. ఆ రెండోదాంట్లో ఒక తెలుగు ఆడబిడ్డ కూడా ఉంది. రెండు రోజులకే మన డీజీసీఏ మాక్స్‌లను దించింది, అమెరికా కన్నా ముందే.

తర్వాతి పరీక్షే అసలు పరీక్ష. 2020 సెప్టెంబర్‌లో లండన్ గాట్విక్ సిమ్యులేటర్లలో అమెరికా, కెనడా, బ్రెజిల్, ఐరోపా నియంత్రణ సంస్థలు కలిసి కూర్చున్నాయి. ఈసారి తయారీదారు దగ్గరి నిష్ణాతులతో సరిపెట్టలేదు. ఎక్కువ, తక్కువ అనుభవమున్న మామూలు ఎయిర్‌లైన్ పైలట్లను ఎక్కించి చూశాయి. సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరైంది. నవంబర్‌లో మాక్స్ మళ్లీ ఎగరడానికి అమెరికా అనుమతించింది, మనవాళ్లు 2021 ఆగస్టులో.

అంతటితో ఒడవలేదు. 2022 ఏప్రిల్‌లో డీజీసీఏ స్పైస్‌జెట్ పైలట్లు 90 మందిని మాక్స్ నడపవద్దంది. స్పైస్‌జెట్‌లో అప్పటికి మాక్స్ శిక్షణ పొందినవాళ్లు 650 మంది. ఈ 90 మంది నేర్చుకున్న సిమ్యులేటర్‌లో ఒకవైపు స్టిక్ షేకర్ పనిచేయలేదు. విమానం స్టాల్‌కు, అంటే రెక్కలు ఎత్తే బలం కోల్పోయే స్థితికి, దగ్గరపడితే పైలట్ చేతిలోని కంట్రోల్‌ను గడగడ వణికించే పరికరం అది. ఆ రెండు ప్రమాదాల్లోనూ పైలట్ల చేతుల్లో తప్పుడు సంకేతంతో వణికింది అదే. నేర్పాల్సిన కీలక విషయం నేర్పే యంత్రంలోనే లేదన్నమాట. వాషింగ్టన్‌లో రాసిన నిబంధన పాటించారో లేదో చూడాల్సింది చివరికి ఢిల్లీ అధికారే.

ఇప్పుడు శంషాబాద్‌లో ఆకాశ ఎయిర్ ఎక్కితే మీరు ఎక్కేది మాక్సే. పాలమూరు నుంచి గల్ఫ్‌కు పోయే మనవాళ్లు ఎక్కే ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లోనూ మాక్స్‌లు ఉన్నాయి. భయపడమని కాదు, నేనైతే ఎక్కుతాను. ఇక మీరు అడగండి.