దండధరునికిని దండన కలదు

(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

కార్యదర్శిగారు మమ్ము విద్యాభివృద్ధిని గూర్చి ప్రసంగింపుమని కోరిరి. చిరకాలము బాలురకు అమరమును, శబ్దమంజరియు జెప్పి విశ్రాంతి నొందినవారము గనుక వారి కోరిక యుచితమే. అయినను ఈ సంవత్సరము మన కుటుంబములవారు మాయొద్దకు దెచ్చిన కాగితములలో బడికి సంబంధించినవి కొన్నియే. ఠాణాకు సంబంధించినవి పెక్కు. ఫిర్యాదు వ్రాసికొనలేదని యొకరు, ప్రశ్నింప బిలిచి చేయిచేసికొనిరని వేఱొకరు, పొలము తగవులో బెదిరించి సంతకము పెట్టించిరని మరియొకరు. ఆ కారణమున, పోలీసువారు తప్పు చేసినప్పుడు వారిచే జవాబు చెప్పించు మార్గము లేవి యను విషయమును నేడు మీ ముందుంచుచున్నాము.

ముందుగా నొక్క మాట. మేము పోలీసుశాఖను దూషింప రాలేదు. పండుగనాడు మనమందర మింట గూర్చుండగా వీథిలో నిలుచువారు వారే. మన బిడ్డలును ఆ శాఖలో నున్నారు. వారిలో గొందరు మాకు శిష్యులు. దండము లేనిచో పెద్దచేప చిన్నచేపను మ్రింగునని మన పెద్దలు చెప్పిరి. కాని దండము ధరించినవాడే పెద్దచేప యైనచో చిన్నచేపకు గతి యేమి?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కాళిదాసుని శాకుంతలమున ఆఱవ యంకారంభమునందలి ప్రవేశకమును మీలో బలువురు చదివియుందురు. జాలరికి చేప కడుపున రాజుగారి యుంగరము దొరకును. భటులిద్దరు వాని చేతులు విరిచి కట్టి, విచారణకు ముందే కొట్టుదురు. వాని కులవృత్తిని హేళన చేయుదురు. వానిని జంపుటకు తన చేతులు త్వరపడుచున్నవని యొకడు పలుకును. రాజు వానిని విడిపించి బహుమాన మిచ్చిన వెంటనే అందు సగము భటుల పాలగును. అందరును గలసి మద్యశాలకు నడతురు. ఈ ఘట్టము చెప్పునప్పుడు తరగతిలో బాలురు నవ్వెడివారు. కాని ఆ దెబ్బలకు జవాబెవరు చెప్పవలయునని నాటకమున నెవ్వరు నడుగరు. జాలరియు నడుగడు; ప్రాణము దక్కినదే చాలునని తలంచును. నేటికిని మనలో ననేకుల మనఃస్థితి యిదియే.

కౌటిల్యు డట్లు విడువలేదు. అర్థశాస్త్రమున కంటకశోధనమను నధికరణము దొంగలను గూర్చి మాత్రమే కాదు, అధికారులను గూర్చియు జెప్పుచున్నది. కారణము దెలుపక యొకని నిర్బంధించిన బంధనాగారాధ్యక్షునికి 24 పణములు, అన్యాయముగా హింసించిన 48, అన్నపానములు నిరోధించిన 96, చావగొట్టిన 1000 పణములు దండుగ. ఆ మొత్తములు నేటికి తగునా తగవా యను చర్చ యటుంచుడు. మంచిగా నడువుడని యధికారికి నీతి చెప్పి యూరకుండక, దోషములను వరుసగా బేర్కొని యొక్కొక్కదానికి దండన నిర్ణయించుట గమనింపదగినది.

ఇక మన ప్రాంత చరిత్ర. తెలుగు జిల్లాలు చెన్నపురి రాజధానిలో జేరియున్న కాలమున, శిస్తు వసూలునకును నేరము లొప్పించుటకును జరుగు చిత్రహింసలను విచారించిన సంఘము 1855లో నివేదిక నిచ్చెను. మనుష్యుని వంచి కట్టి యెండలో నుంచుట, చెక్కల నడుమ వ్రేళ్లు నొక్కుట మున్నగునవి యందు వర్ణింపబడినవి. బీదవాడు ఫిర్యాదు చేయుట యెంత దుస్సాధ్యమో యదియు జెప్పబడినది. శిస్తధికారమును పోలీసధికారమును ఒకే చేతిలో నుండెను. కొట్టినవాని మీద కొట్టినవానికే చెప్పుకొనవలసి యుండెను. 1859 నాటి చట్టముచే పోలీసుశాఖ వేఱు చేయబడినది. 1861లో పోలీసు చట్టము వచ్చినది. కాని 1857 తిరుగుబాటు వెంట బుట్టిన యా చట్టము పోలీసువారిని ప్రభుత్వమునకు విధేయులుగా జేసినంతగా ప్రజలకు జవాబుదారులుగా జేయలేదు.

స్వతంత్ర భారతమున రాజ్యాంగము 22వ యధికరణము కారణము దెలుపక నిర్బంధింపరాదనియు, 24 గంటలలో మేజిస్ట్రేటు ముందుంచవలయుననియు శాసించినది. 1996లో సుప్రీంకోర్టు డి.కె. బసు కేసునందు నియమములను వివరించెను: అరెస్టు చేయు భటుని పేరు, హోదా స్పష్టముగా గనబడవలయును, అరెస్టు పత్రము పై తేదీ, వేళ వ్రాసి, కుటుంబసభ్యునిచే గాని ఆ ప్రాంతపు గౌరవనీయ వ్యక్తిచే గాని సాక్షి సంతకము చేయింపవలయును, బంధువులకు కబురు పంపవలయును, 48 గంటల కొకసారి వైద్యపరీక్ష జరుపవలయును. 2020లో అదే న్యాయస్థానము ప్రతి ఠాణాలో కెమెరాలు పెట్టి, ఆ దృశ్యములను 18 నెలలు, అది సాధ్యము కానిచోట ఒక సంవత్సరమైనను భద్రపఱుపవలయునని యాజ్ఞాపించెను.

2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము జరిగిన చోటు తమ సరిహద్దులో లేదను సాకుతో ఫిర్యాదును త్రోసిపుచ్చరాదు. వ్రాసికొనిన దాని నకలు ఉచితముగా నీయవలయును. నిరాకరించినచో ఆ విషయమును వ్రాతమూలముగా జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలాలో బంపవచ్చును. అప్పటికిని కదలనిచో మేజిస్ట్రేటును వేడవచ్చును. స్త్రీలను, అఱువదియేండ్లు దాటిన పురుషులను సాక్ష్యము నిమిత్తము ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు; వారి యింటికే వచ్చి యడుగవలయును. నేర మొప్పించుటకై కొట్టుట నేరమే. భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షను దానికి ఏడేండ్లవరకును, గాయము తీవ్రమైనచో పదియేండ్లవరకును శిక్ష విధించుచున్నది. విధినిర్వహణలో జేసితినని యధికారి చెప్పుకొనిన కార్యమునకు ప్రాసిక్యూషను జరుపుటకు ప్రభుత్వానుమతి కావలయుననుట నిజమే. అయినను 120 దినములలో ప్రభుత్వము తేల్చనిచో అనుమతి యిచ్చినట్లే భావింపబడును.

ఉత్తరప్రదేశమున పోలీసు డైరెక్టరు జనరలుగా బనిచేసిన ప్రకాశసింగు గారు తామే కోర్టు కెక్కిరి. 2006 సెప్టెంబరు 22న వచ్చిన తీర్పులో పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు స్థాపింపవలయునని యాజ్ఞ గలదు. డిప్యూటీ సూపరింటెండెంటు వఱకు గల యధికారుల పై ఫిర్యాదులకు జిల్లాసంస్థ. అంతకు పైవారికి రాష్ట్రసంస్థ. అదుపులో మరణము, తీవ్రగాయము, మానభంగము మాత్రమే కాక, బలవంతపు వసూళ్లు, ఇండ్లు భూములు ఆక్రమించుట కూడ జిల్లాసంస్థ పరిధిలోనివే. దాని సిఫారసులు శాఖకు శిరోధార్యములని తీర్పు చెప్పుచున్నది. అమలునందు రాష్ట్రము లన్నియు నొక్కతీరున నడువలేదు. కొన్నిచోట్ల సంస్థ కాగితము మీదనే మిగిలినది. జవాబుదారీతనమును కోరినవాడు పోలీసధికారి యగుట మఱువవలదు. సజ్జనుడైన యధికారికి దుర్జనుడైన తోటివాని దోషము భారమే కదా!

జాతీయ మానవహక్కుల సంఘమునకు సంఘటన జరిగిన సంవత్సరము లోపల దరఖాస్తు పంపవచ్చును. అది సిఫారసు మాత్రమే చేయగలదు. ఒరిస్సాలో పోలీసుల యదుపున కుమారుని గోల్పోయిన యొక తల్లి 1988లో సుప్రీంకోర్టునకు లేఖ వ్రాసెను. ఆ లేఖనే పిటిషనుగా స్వీకరించి, 1993లో న్యాయస్థాన మామెకు 1,50,000 రూపాయల పరిహార మిప్పించెను. ప్రాణమునకు వెల కట్టగలవా రెవరు? కాని ఒక లేఖకు గల బల మెంతయో చూడుడు.

దీనికి మాఱుగా మన రాజధానిలో జరిగిన దొకటి. 1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో నొక స్త్రీకి మానభంగమును, ఆమె భర్తకు మరణమును సంభవించినవి. నగరమంతయు గగ్గోలెత్తెను. జస్టిస్ ముక్తదర్ గారి విచారణసంఘము పోలీసువారిని దోషులుగా నెన్నెను. అయినను కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టునకు మారి, 1981లో నిందితులు విడుదలైరి. విచారణసంఘము దోషమును జూపగలదు గాని శిక్ష విధింపజాలదు. శిక్షకు కోర్టులో సాక్ష్యము నిలువవలయును. జనాగ్రహము చల్లారును, కాగితము నిలుచును. కావున మొదటి దినముననే వైద్యుని ధ్రువపత్రము, తేదీతో గూడిన ఫిర్యాదు, రిజిస్టరు తపాలా రసీదు, కెమెరా దృశ్యములను భద్రపఱుపుమని వ్రాసిన యర్జీ — ఇవి సంపాదింపవలయును.

ఇప్పుడు చేదుమాట. మనవాడు ఠాణాలో జిక్కినచో మన సంఘీయులు చేయునదేమి? మన కులపు టధికారి యెవరని వెదకి, ఫోను చేయించి, మాటసాయముతో విడిపించుకొని వచ్చుట. మా యెఱుకలో నొక చిల్లరకొట్టు యజమానిని రెండు రాత్రు లుంచి కొట్టిరి. పెద్దలు పోయి తెచ్చిరి, సంతోషించిరి. ఏ కాగితమును లేదు. ఆఱునెలలకు అదే యధికారి అదే వీథిలో మఱియొక కులమువానిని అట్లే చేసెను. వానికి ఫోను చేయువారు లేకపోయిరి. సిఫారసు ఒకనిని విడిపించును, లాఠీని మాత్రము విడిచిపెట్టును. మరియు మన కులపు టధికారియే తప్పు చేసినప్పుడు, మనవాడని కప్పిపుచ్చుట ఏ ధర్మము? ఎదుటివాని వీపు మీద దెబ్బ పడినప్పుడు చప్పట్లు గొట్టినవాడు తన వీపునకు న్యాయము గోరజాలడు.

కావున మహాసభవారికి మూడు వినతులు. ప్రతి శాఖాసంఘమునను ఫిర్యాదు వ్రాసిపెట్టుట కొక విద్యావంతుని, సలహాకొక న్యాయవాదిని నియమింపుడు. వారి సాయము కులభేదము లేక అందఱకు నందవలయును. సంఘము పేర సిఫారసుకై ఠాణాకు బోరాదని తీర్మానింపుడు. పోవలసివచ్చినచో వ్రాతకాగితముతో బోవుడు. ఉభయ తెలుగు రాష్ట్రములలో ఫిర్యాదుల ప్రాధికారసంస్థలు ప్రతి జిల్లాలో నిజముగా బనిచేయవలయుననియు, వాని చిరునామా ప్రతి ఠాణా గోడ మీద తెలుగున వ్రాయవలయుననియు ప్రభుత్వములకు విన్నవింపుడు.

మన తెలుగున దండమనగా కఱ్ఱ, దండమనగా నమస్కారము. ధర్మముగా కఱ్ఱ పట్టినవానికి దండము పెట్టుదము. అధర్మముగా నెత్తినవాని యెదుట దండము పెట్టి నిలువక, కలము పట్టుదము.