ఇంట చేసికొను లౌడుస్పీకరు

వర్షాకాలమున గోదావరి పొంగినపుడు భద్రాచలము చుట్టుపట్ల గ్రామములలో రేడియో పెట్టుకొని కూర్చున్నవారు పాటలకై వినరు, అంకెలకై విందురు. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. 2022 జూలైలో అది 71 అడుగులు దాటినది. 'నలభై మూడు' అన్నారా, 'యాభై మూడు' అన్నారా అని ఇంటిలోనివారు ఒకరినొకరు అడుగుకొనవలసి వచ్చినచో, ఆ దోషము అన్ని వేళల చదివినవారిది కాదు. ముచ్చటపడి ఇంట చేసికొన్న లౌడుస్పీకరుది కూడ కావచ్చును.

ఇట్టి స్పీకర్లు మన వైపు అరుదేమియు కాదు. పాడైన టీవీల నుండి, కార్ల నుండి ఊడదీసిన స్పీకర్లను ఒక పెట్టెలో బిగించి, బజారులో దొరకు క్రాసోవరు పలకను ఒకదానిని కొని తీగలు కలుపుదురు. పెట్టె గట్టిగనే మ్రోగును. అయితే గట్టిగా మ్రోగుట వేరు, స్పష్టముగా పలుకుట వేరు.

అసలు ఒక్క స్పీకరు చాలదా యని మీరు అడుగవచ్చును. అయస్కాంతము నడుమ తీగచుట్ట కదలి కాగితపు శంకువును ఆడించు పద్ధతిని అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు 1925లో ప్రకటించిరి. నేటికిని స్పీకర్లలో అత్యధిక భాగము ఆ పద్ధతివే. చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, మంద్ర ధ్వనికి చాల గాలిని కదల్పవలెను, కనుక శంకువు వెడల్పుగా ఉండవలెను. తార ధ్వనికి శంకువు తేలికగా, చిన్నదిగా ఉండవలెను. సెకనుకు 2500 కంపనములు గల ధ్వని తరంగము పొడవు సుమారు 14 సెంటీమీటర్లు మాత్రమే. ఎనిమిది అంగుళముల శంకువు అంతకంటె వెడల్పు గనుక, ఆ ధ్వని టార్చిలైటు వెలుగువలె ఎదుట కూర్చున్నవానికే పోవును; ప్రక్క మంచము మీదివానికి హల్లులు వినబడవు. అందుచే మంద్రమునకు వూఫరు, తారమునకు ట్వీటరు, కావలసినచో నడుమ మిడ్‌రేంజి పెట్టుదురు. ఎవరి వాటా వారికి పంచు తూము క్రాసోవరు. కాయిలు మంద్రమును పోనిచ్చి తారమును అడ్డగించును, కండెన్సరు తారమును పోనిచ్చి మంద్రమును అడ్డగించును. అందలి రహస్యమంతయు ఇంతే.

మీడియం వేవు మాత్రమే వినువారు ట్వీటరుకై వ్యయపడవలదు. ఆ ప్రసారములో 5000 కంపనములకు పైన మిగులునది స్వల్పము. ఎఫ్.ఎం. ప్రసారములో 15,000 వరకు వచ్చును గనుక కొత్తగూడెము కేంద్రమును వినువారికి ట్వీటరు సార్థకము.

ఇక జోడింపు మాట. క్రాసోవరు పలకపై 'త్రీ వే' అని ఉండును, 3000 అని ఒక అంకెయు ఉండును. ఆ అంకె ఏ స్పీకరుకు వర్తించునో పలకకు తెలియదు. లెక్క చూడుడు: 8 ఓముల ట్వీటరును 3000 కంపనముల వద్ద విడదీయుటకు సుమారు 6.6 మైక్రోఫారడుల కండెన్సరు కావలెను. బజారులో దొరకు 6.8 సరిపోవును. 8 ఓముల వూఫరుకు 0.42 మిల్లీహెన్రీల కాయిలు చాలును. ఇప్పుడు అదే కండెన్సరు వెనుక కారు నుండి తీసిన 4 ఓముల ట్వీటరును పెట్టినచో, విభజన 3000 వద్ద గాక 6000కు చేరువలో జరుగును. వూఫరు 3000 వద్దనే తగ్గిపోయినది, ట్వీటరు 6000కు గాని పూర్తిగా అందుకొనదు. నడుమ గొయ్యి. మగ గొంతు మూలస్వరము 100, 150 కంపనముల దాపున ఉండినను, మాటను మాటగా నిలుపు స, చ, ట, త మొదలగు హల్లుల బలము 2000కు పైననే ఎక్కువ. ఆ గోతిలో పడునవి అవియే.

ట్వీటరు ఓర్పును కూడ చూడవలెను. ఒక్క కండెన్సరు పెట్టినంతనే గోడ కట్టినట్లు కాదు. సంగీతమున ఒక స్థాయి దిగిన కొలదియు 6 డెసిబెలుల చొప్పున మాత్రమే బలము తగ్గును. కనుక ట్వీటరు స్వభావసిద్ధముగా ఊగు కంపనసంఖ్య, అనగా దాని అనునాదము, ఎంతయో తెలిసికొని, దానికి కనీసము రెట్టింపు ఎత్తున విడదీయవలెను. లేనిచో బొంగురు పోవును, తుదకు కాలిపోవును.

అన్నిటికంటె మనవారు మరచునది సున్నితత్వము. మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారులు సకిని రామచంద్రయ్యగారి కథాగానమును తలచుకొనుడు. ఆయన 2022లో పద్మశ్రీ పొంది 2024లో కీర్తిశేషులైరి. డోలు అడుగున మ్రోగును, కంచుతాళము పైన ఖంగుమనును, ఆ రెంటి నడుమ సమ్మక్క సారలమ్మల కథ నడచును. మనకు కావలసినది కథ. వూఫరు ఒక వాటు శక్తికి 87 డెసిబెలులు, ట్వీటరు 91 డెసిబెలులు ఇచ్చునవైనచో, తాళము 4 డెసిబెలులు మీరి కథను కప్పివేయును. 8 ఓముల ట్వీటరుకు వరుసలో 3 ఓముల నిరోధమును, అటుపిమ్మట ట్వీటరుకు అడ్డముగా 15 ఓముల నిరోధమును కలిపినచో ఆ 4 డెసిబెలులు తగ్గును, క్రాసోవరుకు కనబడు మొత్తము 8 ఓములకు దగ్గరగనే నిలుచును. ఈ రెండు నిరోధములు కొద్ది రూపాయలలో వచ్చును. వీనిని పెట్టిన పెట్టెలు నేను చూచినవానిలో బహు తక్కువ.

మూడు స్పీకర్ల పెట్టె చూపునకు ఘనముగా నుండును. 500 వద్దను, 5000 వద్దను విడదీసినచో మాట చాలవరకు మిడ్‌రేంజిలోనే ఉండునన్న వాదము సరియైనదే. కాని 500 వద్ద విభజనకు 40 మైక్రోఫారడుల కండెన్సరు, 2.5 మిల్లీహెన్రీల కాయిలు కావలెను. ఖర్చు పెరుగును, పొరపాటునకు తావు రెట్టింపగును. మొదటిసారి చేయువారు ఆరు అంగుళముల వూఫరును, ఒక అంగుళపు ట్వీటరును, రెండును 8 ఓములవి, తీసికొనుట మేలని నా అభిప్రాయము.

కండెన్సరు ధన, ఋణ గుర్తులు లేనిదై యుండవలెను. సాధారణ ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు ఇచట పనికిరాదు. కాయిళ్ళు రెండున్నచో దూరముగా, ఒకదానికొకటి అడ్డముగా బిగింపవలెను. పాత వూఫరును కొనునపుడు శంకువును నాలుగు వ్రేళ్ళతో సమముగా నొక్కి చూడుడు, గరగర వినిపించినచో లోపలి చుట్ట రాచుకొనుచున్నదన్నమాట. అంచున స్పాంజి యున్నచో తేమకు పొడిపొడి యగును. అడవి ప్రక్కనే గదా యని టేకు పలకలకై పోవలదు. అనుమతి పత్రముల మాట అటుంచి, పలక ఎండకు వానకు కదలి అతుకులు విడును. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు దిట్టముగా నిలుచును.

తీగలు కలుపునపుడు టార్చి బ్యాటరీ నొకదానిని వూఫరు కొనలకు క్షణకాలము తాకింపుడు. శంకువు ముందునకు వచ్చినచో బ్యాటరీ ధన కొన తగిలినదే వూఫరు ధన కొన. ట్వీటరు కదలిక కంటికి ఆనదు గనుక, అందుకు చెవియే సాధనము. వార్తలు పెట్టి, ధ్వని మధ్యమముగా నుంచి, ట్వీటరు తీగలను ఒకసారి అటు, ఒకసారి ఇటు మార్చి వినుడు. ఏ విధమున మాట నిండుగా, పెట్టె నడుమ నుండి వచ్చినట్లు తోచునో ఆ విధముననే టంకము పెట్టుడు.