కొనడమా? ఆగడమా?



ఇంట్లోకి ఏదైనా కొనాలంటే మనకు రెండు సామెతలు ఎదురొస్తాయి. "నిదానమే ప్రధానం" అంటుంది ఒకటి. "ఆలస్యం అమృతం విషం" అంటుంది రెండోది. చీర దగ్గరా కుక్కరు దగ్గరా ఏ సామెత పనికొస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాలేజీకి వెళ్లే పిల్లలకు ల్యాప్‌టాప్ కొనాల్సి వచ్చినప్పుడే తికమక పడతాం. ఇవాళ కొంటే రేపు ఇంకా మంచిది వస్తుందేమో, ధర తగ్గుతుందేమో అని మనసు పీకుతూ ఉంటుంది. ఆ తికమకలో నేనొక పొరపాటు సలహా ఇచ్చాను. మీరెవరూ అలాంటి సలహా ఇవ్వకూడదనే ఈ నాలుగు మాటలు.

మాది వికారాబాదు. మా చిన్న ఆడబిడ్డను తాండూరులో ఇచ్చాం. తాండూరు అంటే నాపరాయి, కందిపప్పు గుర్తుకొస్తాయి కదా. అక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్లకూ కొంచెం కంది చేను ఉంది. వాళ్లమ్మాయి రోజూ రైల్లో సుమారు 40 కిలోమీటర్లు వచ్చి మా ఊళ్లో డిగ్రీ చదువుతోంది.

2025 ఫిబ్రవరిలో మా ఆడబిడ్డ వచ్చి, "వదినా, కందులమ్మిన పైసలు చేతిలున్నయి. బిడ్డకు ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనాల్నా, ఆగాల్నా?" అని అడిగింది. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు కనుక నాకు అన్నీ తెలుసని దాని నమ్మకం. నేనూ తెలిసినట్టే, "జర ఆగు. ఎండకాలం పోతే కొత్త మోడళ్లొస్తయట, పాతవాటి రేటు తగ్గుతది" అన్నాను.

ఎండాకాలం పోయింది. కొత్తవి వచ్చాయి. వాటి తర్వాత ఇంకా కొత్తవి వస్తాయన్న కబురూ వచ్చింది. ఆగస్టులో పన్నులు తగ్గుతాయని చెప్పుకున్నారు. సరే, అదీ చూద్దామన్నాం. సెప్టెంబరు 22న జి.ఎస్.టి. తగ్గింది కూడా. ఏసీలకు, 32 అంగుళాలు దాటిన టీవీలకు 28 శాతం నుంచి 18కి దిగింది. ల్యాప్‌టాప్ పన్ను మాత్రం ముందూ 18 శాతమే, తర్వాతా 18 శాతమే! ఆ సంగతి ముందే ఒక్కరిని అడిగి ఉంటే తెలిసేది. ఇక దసరా, దీపావళి బేరాలు చూద్దామనుకునే లోగా చేతిలోని డబ్బు ఊరుకుంటుందా? కొంత బోరు మోటారుకు పోయింది, కొంత ఒక పెళ్లికి పోయింది.

ఈ తొమ్మిది నెలలూ పిల్ల ఏం చేసింది? ప్రాజెక్టు రిపోర్టు ఫోనులోనే టైపు చేసుకుంది. పట్టికలు సరిగా రాకపోతే సాయంత్రం ఇంటర్నెట్ సెంటరులో గంటకింత ఇచ్చి కూర్చునేది. ఒక్కోనాడు రైలు తప్పిపోయి, చీకటి పడ్డాక బస్సులో ఇల్లు చేరేది. మేమంతా ధర గురించి మాట్లాడుకున్నాం గాని, ఈ రైలు సంగతి ఎవరం లెక్కలో వేసుకోలేదు.

అసలు దెబ్బ నవంబరులో తగిలింది. చదువుకుంటూనే ఇంటి దగ్గర నుంచి చేసుకునే పని ఒకటుందని కాలేజీలో దరఖాస్తులు తీసుకున్నారు. "సొంత ల్యాప్‌టాప్ ఉందా?" అని అందులో ఒక ప్రశ్న. అమ్మాయి "లేదు" అని రాసి ఇచ్చింది. ఇంట్లో చెప్పనే లేదు. నెల తర్వాత మాటల మధ్య బయటపడితే, "మాకెందుకు చెప్పలేదే?" అని కోప్పడ్డాను. "లేనిదాన్ని ఉందని ఎట్ల రాస్త, అత్తమ్మా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఏదో రెండు వేలు మిగులుతాయని ఆగమన్నది నేను. పోగొట్టుకున్నది ఆ పిల్ల.

అప్పటినుంచి ఈ విషయం కాస్త తెలుసుకున్నాను.

ఈ యంత్రాలకు "ఇదే ఆఖరి మోడల్, ఇక కొనుక్కోవచ్చు" అనే రోజంటూ రాదు. లోపలుండే చిప్పుల్లోని భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతోందని గోర్డన్ మూర్ అనే ఇంజనీరు 1965లోనే రాశారు. 1975లో దాన్ని రెండేళ్లకొకసారి అని సవరించారు. అందుచేత మనం ఎప్పుడు కొన్నా దానికంటే మంచిది వెనకాలే వస్తూ ఉంటుంది.

ఈ ఆగడం కంపెనీలనే ముంచింది. రమణ మహర్షి గురించి పుస్తకాలు రాసిన ఆర్థర్ ఆస్బర్న్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఆయన కొడుకు ఆడం ఆస్బర్న్ చిన్నతనం తిరువణ్ణామలైలో గడిచింది. ఆయన అమెరికాలో కంపెనీ పెట్టి 1981లో పెట్టెలా మోసుకెళ్లే కంప్యూటరును అమ్మకానికి తెచ్చాడు. దాని బరువు సుమారు 11 కిలోలు. బాగా అమ్ముడుపోయింది. ఇంతలో 1983లో, ఇంతకంటే మంచిది వస్తోందన్న మాట బయటికి పొక్కింది. కొనేవాళ్లు "అదే వచ్చాక కొందాం" అని ఆగారు. ఆ సెప్టెంబరులోనే కంపెనీ దివాలా తీసింది. వేరే కారణాలు కూడా చెప్తారనుకోండి. అయినా "ఇంకో మంచిది వస్తుంది" అనే మాటకున్న బలం చూడండి!

మరి ఆగితే ధరైనా తగ్గుతుందా అంటే, అదీ నమ్మకం లేదు. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్దపెద్ద కేంద్రాలకు మెమరీ చిప్పులు తరలిపోవడంతో 2025 చివరిలో వాటి ధరలు బాగా పెరిగాయి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న మాట కందుల దగ్గరే కాదు, ఇక్కడా నిజమే.

అప్‌డేట్లు అన్నీ ఒకటి కావని కూడా తెలుసుకోవాలి. లోపలి ప్రోగ్రాములకు వచ్చే మార్పుల కోసం ఆగనక్కరలేదు. కొన్న తర్వాత అవి ఇంటికే, ఉచితంగా వస్తాయి. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11, తగిన యంత్రం ఉన్నవాళ్లకు అలాగే అందింది. అయితే పాత మెషీను చవకగా వస్తోందంటే మాత్రం ఒక జాగ్రత్త. విండోస్ 10కి మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కనుక సెకండ్‌హ్యాండ్‌ది కొనేవాళ్లు విండోస్ 11 పడుతుందో లేదో అడిగి తీరాలి. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతదైతే సాధారణంగా వద్దనుకోండి.

కొత్తది కొనేటప్పుడు ర్యామ్ చూడండి. అది వంటింటి గట్టులాంటిది. గట్టు ఇరుకైతే ఒకేసారి నాలుగు గిన్నెలు పెట్టుకోలేం కదా! మామూలు చదువుకు 8 జీబీకి తగ్గకూడదు. తర్వాత ఇంకొకటి పెంచుకోవడానికి ఖాళీ ఉందా అని అడగండి. కొన్నింటిలో అతికించేసి ఉంటుంది, పెంచుకోలేం. ఖాళీ ఉంటే రెండేళ్ల తర్వాత తక్కువ ఖర్చుతో మనమే దాన్ని కొత్తది చేసుకోవచ్చు. పాత పద్ధతి హార్డ్ డిస్కు కాకుండా ఎస్‌ఎస్‌డీ ఉన్నది తీసుకోండి. చెడిపోతే ఇంటికొచ్చి బాగుచేస్తారా, మనమే పట్నం మోయాలా అన్నది బిల్లు కట్టకముందే తేల్చుకోండి.

ఆగవలసిన సందర్భాలూ లేకపోలేదు. ఉన్నది పని చేస్తూంటే ఆగండి. ఎక్కువ వడ్డీకి అప్పు చేయాల్సి వస్తే ఆగండి. పిల్ల ఏ కోర్సులో చేరుతుందో తేలకపోతే, కాలేజీవాళ్లు ఏది కావాలంటారో తెలిసేదాకా ఆగండి. పండగ బేరం పది పదిహేను రోజుల్లో ఉంటే ఆగండి. కాని ఆగే ముందు ఏ తేదీ వరకో గోడ మీద క్యాలెండరులో రాసి పెట్టండి. తేదీ లేని ఆగడం మా తొమ్మిది నెలల్లా సాగుతూనే ఉంటుంది.

మంచి రేటు కోసం కందులు నిల్వ చేయడం తాండూరులో ఎవరికీ కొత్త కాదు. ఆ కందులకూ పురుగు పడకుండా చూసుకోవాలి. చదువుకునే పిల్లల రోజులను నిల్వ చేయడం ఎవరివల్లా కాదు. పైగా, మగపిల్లవాడి బైకు దగ్గర "వచ్చే ఏడు మంచి మోడలొస్తుంది, ఆగరా" అని మనలో ఎంతమందిమి అంటున్నాం? ఆడపిల్ల చదువు దగ్గరే మనకు నిదానం గుర్తుకొస్తుందేమో, ఒక్కసారి గుండె మీద చెయ్యి వేసుకుని ఆలోచించండి.

డిసెంబరులో మా అమ్మాయికి ల్యాప్‌టాప్ కొన్నాం. తక్కువ పడిన డబ్బు నేనే వేశాను. సలహా నాది కనుక అది నా బాకీ. ఇప్పుడు రైలు తప్పిపోవడం లేదు. రాత్రిపూట తల్లి పక్కన కూర్చుంటే, చేను కాగితాలు భూభారతిలో ఎలా చూడాలో కూతురు చూపిస్తోందట. నవంబరులో పోయిన పని మాత్రం మళ్లీ రాలేదు.

అందుచేత నా మనవి ఇంతే. పని వచ్చి గుమ్మంలో నిలబడి ఉంటే, చేతిలో ఉన్న డబ్బుకు వచ్చే మంచిది ఈ వారమే కొనండి. పని ఇంకా రాకపోతే నిశ్చింతగా ఆగండి. ఆ పని వచ్చిందో రాలేదో మాత్రం బజారులో విచారించకండి. మీ ఇంట్లో పిల్లను అడగండి.

సెలవు.