జట్టు పట్టికలో పేరు



యాపలదిన్ని వంటి రాయచూరు సరిహద్దు గ్రామాల నుండి నగరాలకు తరలివచ్చిన తెలుగు కుటుంబాలలో ఆటలాడే పిల్లలు చాలామంది ఉన్నారు. "మావోడు దినామూ గ్రౌండుకు పోతాడు, పరవూరు పోయే టీములో పేరెందుకు లేదు?" అని ఒక తండ్రి అడిగితే, దానిని కేవలం పుత్రవాత్సల్యంగా కొట్టివేయరాదు.

కబడ్డీ జట్టులో పన్నెండుగురున్నా ఆట మొదలైనప్పుడు బరిలో నిలిచేది ఏడుగురే. ఎవరో ఒకరు బయట కూర్చోక తప్పదు. బయట కూర్చున్నవానికి ఆ కారణం తెలిసిందా అన్నదే అసలు విషయం.

కాకినాడలో పుట్టిన హనుమ విహారి ఉదంతం ఇక్కడ ప్రస్తావించదగినది. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో తొడ కండరం దెబ్బతిన్నా అతడు 161 బంతులాడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. మ్యాచ్ డ్రా అయింది. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో జరిగిన రంజీ క్వార్టర్ ఫైనల్లో ఎడమ మణికట్టు విరిగితే, కుడిచేతి వాటం వదలి ఎడమచేతి వాటంగా, దాదాపు ఒంటిచేత్తో ఆంధ్ర తరఫున బ్యాటు పట్టాడు. నిబద్ధతకు ఇంతకంటె సాక్ష్యం ఏముంటుంది? మరుసటి ఏడు తొలి మ్యాచ్ ముగియగానే అతని నాయకత్వం పోయింది. జట్టులోని పదిహేడవ ఆటగాణ్ణి మందలించినందుకు, రాజకీయ నాయకుడైన ఆ ఆటగాని తండ్రి ఒత్తిడి తెచ్చాడని 2024 ఫిబ్రవరి 26న విహారి బహిరంగంగా ఆరోపించాడు. ఆ ఆటగాడు దానిని ఖండించాడు; సంఘం తన వివరణ తానిచ్చింది. ఎవరి మాట నిజమన్నది ఈ వేదిక తేల్చజాలదు. నిర్ణయం జరిగిన నాడే కారణం వెల్లడించి ఉంటే వివాదం వీధికెక్కేది కాదు.

కుటుంబాల త్యాగం వేరొక పార్శ్వం. గొంగడి త్రిష క్రికెట్ శిక్షణ కోసం ఆమె తండ్రి భద్రాచలం విడిచి సికింద్రాబాదుకు మకాం మార్చారు. 2025 అండర్-19 ప్రపంచ కప్పులో ఆమె 309 పరుగులు చేసి, ఏడు వికెట్లు తీసి, టోర్నమెంటు ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. అందరు తండ్రులూ ఊరు మారగలరా? పత్తి తీతల రోజుల్లో తల్లితో చేనికి వెళ్ళిన పిల్లవాని గైర్హాజరును, సినిమాకు వెళ్ళినవాని గైర్హాజరును ఒకే గీతతో హాజరుపట్టీలో కొట్టివేయడం న్యాయమనిపించుకోదు. బస్సు తప్పిపోవడమూ అటువంటిదే.

అయితే తల్లిదండ్రులకూ ఒక బాధ్యత ఉంది. పేరు పట్టికలో చేరాక, ప్రయాణానికి ముందురోజు సాయంత్రం "పెండ్లి ఉంది, రాలేడు" అనడం మరొక బిడ్డకు చేసిన ద్రోహం. ఆ చోటు కోసం ఎదురుచూసినవాడు అప్పటికే ఆశ వదులుకొని ఉంటాడు. రాత్రికి రాత్రి అతణ్ణి పిలిచినా ప్రయాణఖర్చు చేతిలో ఉండకపోవచ్చు.

శిక్షకులు ఎంపిక కొలమానాలను పోటీకాలం మొదట్లోనే, తల్లిదండ్రులు చదవగల భాషలో, కాగితంపై ఇవ్వాలి. బూట్లు, బస్సు కిరాయి విరాళమిచ్చిన పెద్దమనిషికి కృతజ్ఞత చెప్పవచ్చు, సన్మానమూ చేయవచ్చు. ఎంపిక జరిగే గదిలో మాత్రం ఆయనకు కుర్చీ వేయరాదు. పట్టికను గోడకు అంటించే ముందే, పేరు లేని పిల్లవాణ్ణి పక్కకు పిలిచి, ఏమి నేర్చుకొని వస్తే మళ్ళీ పరిశీలిస్తారో శిక్షకుడే స్వయంగా చెప్పాలి.