లేబుల్ మీద పేరు



నాకిచ్చిన అంశం లాభసాటి ఆహార పరిశ్రమ. లెక్కతోనే మొదలుపెడతాను. ఎండుమిర్చి బస్తాల్లో అమ్మితే ధర యార్డులో వ్యాపారి చెబుతాడు. కారం పట్టించి ప్యాకెట్ కడితే ధర మనం చెబుతాం. లాభం ఆ తేడాలోనే ఉంది.

1918లో చిన్న కమతాలపై రాసిన వ్యాసంలో బాబాసాహెబ్, అసలు జబ్బు కమతం సైజు కాదన్నారు. పెట్టుబడి, పనిముట్లు చాలవు, భూమి మీద ఆధారపడ్డ జనం ఎక్కువ. మందు పారిశ్రామికీకరణ అని వాదించారు.

మరి పెట్టుబడి? 2020లో వచ్చిన సూక్ష్మ ఆహార పరిశ్రమల కేంద్ర పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ పెట్టారు. కానీ అది అప్పుతో ముడిపడిన సబ్సిడీ. ముందు బ్యాంకు ఒప్పుకోవాలి. నన్ను భూమి కాగితాలు అడిగారు. తరతరాలుగా భూమి లేనివాళ్లం, ఏం తెస్తాం? చివరికి మా వాడ ఆడవాళ్ల పొదుపు డబ్బుతో చిన్న మర కొన్నాం.

తర్వాత మార్కెట్. ప్యాకెట్ మీద ‘అంబేడ్కర్ కాలనీ కారం’ అని చూసి ఒక దుకాణదారు, ‘సరుకు బాగుంది, పేరు మార్చండి’ అన్నాడు. మార్చాను. అమ్మకం పెరిగింది. ఆ డబ్బు ఇస్తూ మా అమ్మ ముఖం చూడలేకపోయాను. చంద్రభాన్ ప్రసాద్ 2016లో తన సరుకుకు ‘దళిత్ ఫుడ్స్’ అనే పేరే పెట్టారు. అది గుర్తొచ్చి పాత లేబుల్ మళ్లీ వేశాం. రెండు దుకాణాలు పోయాయి. మర ఆగలేదు.

విద్యార్థి మిత్రులారా, ప్రాజెక్టు రిపోర్టులో ముడిసరుకు, యంత్రం, మార్కెట్ అని పద్దులు రాస్తారు. కులం కూడా ఒక ఖర్చే. ఆ పద్దూ రాయండి.