కడాయి చెవి ఊగుతోందా? రివిట్ ఇలా మార్చండి

ఈరోజు చూపించేది చిన్న పనే, కానీ వదిలేస్తే ఒళ్లు కాలుతుంది. ఇదిగో, మా ఇంట్లో అల్యూమినియం కడాయి. చెవి ఊగుతోందని పోయిన నెల రివిట్ మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, "అయిపోయిందమ్మా" అన్నాను. వారం తిరక్కుండానే, అమ్మ పూరీలు చేసి నూనె వంపుతుంటే చెవి ఊడొచ్చింది. నూనె గట్టు మీద పడింది కాబట్టి బతికిపోయాం.

నా తప్పేంటంటే, లోపలివైపు రివిట్ తల కింద ఇనుప దిమ్మ పెట్టకుండా కొట్టాను. అలా కొడితే రివిట్ బిగవదు, కడాయికి సొట్ట పడుతుంది. పైగా చిల్లు అప్పటికే సాగిపోయింది. అలాంటప్పుడు రివిట్ మార్చాల్సిందే.

ముందు కళ్లద్దాలు పెట్టుకోండి. కడాయిని కదలకుండా బిగించండి, చేత్తో పట్టుకుని డ్రిల్ చేయొద్దు. బయటివైపు రివిట్ తలకి సరిగ్గా మధ్యలో పంచ్‌తో చిన్న గుంట పెట్టండి, లేకపోతే బిట్ జారుతుంది. మొదట 3 ఎంఎం బిట్, తర్వాత రివిట్ కాడంత బిట్. తల వరకే డ్రిల్ చేసి ఆపండి. తల ఊడిపోయాక మిగతాది పంచ్‌తో లోపలికి తట్టేస్తే వచ్చేస్తుంది.

నాది 5 ఎంఎం రివిట్. చిల్లు సాగింది కాబట్టి, చెవికీ కడాయికీ 6 ఎంఎం చిల్లు చేశాను. కొత్త రివిట్ కూడా అల్యూమినియందే, గట్టిది తీసుకోండి. పాప్ రివిట్ వద్దు. దాని మధ్యలో బోలుగా ఉంటుంది, నూనె కారొచ్చు. మామూలు ఇనుప బోల్టు కూడా వద్దు, తడికి తుప్పు పడుతుంది.

రివిట్‌ని లోపలి నుంచి బయటికి దూర్చండి. లోపలి తల దిమ్మ మీద ఆనాలి. బయటికి వచ్చిన కాడ, రివిట్ మందానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. అంటే 6 ఎంఎంకి 9 ఎంఎం. ముందు నిటారుగా కొట్టండి, కాడ ఉబ్బి చిల్లు నిండుతుంది. తర్వాత అంచుల చుట్టూ మెల్లగా కొడుతూ తల గుండ్రంగా చేయండి. రెండో రివిట్ కూడా ఇలాగే.

పొడి పోయేలా బాగా కడగండి. రివిట్లు మునిగేలా నీళ్లు పోసి అరగంట ఉంచండి. బయట తడి కనిపించకపోతే, నిండు నీళ్లతో ఎత్తి చూడండి. చెవి కొంచెం కదిలినా పొయ్యి మీద పెట్టొద్దు. నాన్‌స్టిక్ వాటికి మాత్రం ఇది చేయొద్దు, దెబ్బలకి పూత లేచిపోతుంది.

ఇప్పుడే వంటింట్లోకి వెళ్లి మీ కడాయి చెవి ఒకసారి ఊపి చూడండి. ఊగితే ఈ వారమే బాగు చేయండి. ఉంటాను మరి!